చిన్నప్పుడు టీవీలో ఎవరి మీద మనసు పారేసుకున్నారు? (దూరదర్శన్ బ్యాచ్ ముందు, మిగతావాళ్లు తర్వాత)

ఈసీటీవీ_షట్టర్
మొన్న ఇంట్లో అందరం కూర్చుంటే మా పెద్దమ్మాయి నాన్నా నీ ఫస్ట్ క్రష్ ఎవరు అని అడిగింది. నేనూ ఫోజు కొట్టి నిజం చెప్పేశా, సల్మా సుల్తాన్ అని. ఏ సినిమాలో చేసింది అంది. సినిమా కాదమ్మా దూరదర్శన్‌లో హిందీ వార్తలు చదివేది అన్నా. అంతే, ఇల్లంతా ఒకటే నవ్వు. వార్తలు చదివే ఆవిడ మీద క్రష్ ఏంటి నాన్నా అని ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉన్నారు, మా ఆవిడ వాళ్లకి తోడు. వీళ్లకేం తెలుసండీ, చెవి కింద గులాబీ పెట్టుకుని ఆవిడ తెర మీదకి వస్తే నాకు మర్నాటి లెక్కల పరీక్ష కూడా గుర్తొచ్చేది కాదు. మాది బ్లాక్ అండ్ వైట్ ఈసీ టీవీ, షట్టర్ తలుపులు ఉండేది. ఆ గులాబీ ఏ రంగో తెలియక కొట్టుకుచచ్చేవాణ్ణి. కలర్ టీవీ ఉన్న ఎదురింటికి వెళ్దామంటే వాళ్లు వార్తలు రాగానే కట్టేసేవాళ్లు. మీకెవరికీ ఇలాంటివి లేవా? లేకపోతే నేనొక్కణ్ణే పిచ్చోణ్ణా?

సాలిడేర్_సుబ్బులు
మీరొక్కరే కాదు లెండి. మా అన్నయ్య కూడా అదే కేసు. ఇంట్లో ఎవరికీ హిందీ ముక్క రాదు, వీడు మాత్రం హిందీ వార్తలు వదిలేవాడు కాదు. పిల్లాడు ఐఏఎస్ అవుతాడేమో అని మా నాన్న మురిసిపోయేవారు. వాడిప్పుడు చేపల చెరువులు చూసుకుంటున్నాడు.

యాంటెన్నా_బాబాయ్
ఇందిరాగాంధీ పోయిన వార్త దూరదర్శన్‌లో చెప్పింది ఆవిడే కదా, 1984 అక్టోబర్ 31 సాయంత్రం. ఆ రోజు మా వీధి వీధంతా ఒక్క టీవీ ముందే ఉంది.

నా సంగతంటారా, నేను క్రష్ పెట్టుకునేంత సేపు టీవీ చూసిందెప్పుడు. ఇంట్లో చిన్నవాణ్ణి నేనే కాబట్టి డాబా మీద యాంటెన్నా డ్యూటీ నాదే. వచ్చిందా వచ్చిందా అని పైనుంచి నేను అరవడం, కింద నుంచి "ఆ... ఆ... పోయింది" అనడం. రామాయణంలో సీతాపహరణం ఎపిసోడ్ మొత్తం నేను డాబా మీదే ఉన్నా, కిందికి దిగేసరికి సీతమ్మ లంకలో ఉంది.

నల్గొండ_నవ్వులు
బాబాయ్ నువ్వు డాబా మీదుండబట్టే రావణుడు ఎత్కపోయిండు 😂

నాకైతే సురభి రేణుకా షహానే. ఆమె నవ్వితె మా బస్తీల కరెంటు వచ్చినట్టుండేది. మాకు హిందీ మంచిగనే అర్థమయితది కాబట్టి ప్రోగ్రాం కూడ సమజయ్యేది, మీలెక్క ఉత్తగ మొఖం చూస్కుంట కూసోలే. వారం వారం ప్రశ్నకు జవాబు రాసి పంపాలె గద, నేను పోస్టుకార్డు మీద జవాబు చిన్నగ ఒక మూలకు రాసి మిగిలిందంత "రేణుకాజీ ఆప్ కీ ముస్కాన్" అని నింపిన. ఆ కార్డు మా అన్న చేతికి దొరికింది. పోస్టు డబ్బాల ఎయ్యమని వానికే ఇచ్చిన మరి. రాత్రి అన్నం తినేటప్పుడు అందరి ముంగట చదివిండు. మా అవ్వకు హిందీ రాదు, ఏంది రా అది శ్లోకమా అని అడిగింది.

సాలిడేర్_సుబ్బులు
శ్లోకమా 🤣🤣 నవ్వలేక చస్తున్నా

రేడియో_రాంబాబు
సురభికి వచ్చే ఉత్తరాలు తట్టుకోలేకే కదా పోస్టల్ వాళ్లు కాంపిటిషన్ పోస్ట్‌కార్డు అని వేరేగా తెచ్చింది. అందులో మీలాంటి వాళ్ల వాటా ఎంతో. ఆమెతో కలిసి ఆ ప్రోగ్రాం నడిపిన సిద్ధార్థ్ కాక్ పాపం, గడ్డం పెట్టుకుని ఎంత జ్ఞానం చెప్పినా మగపిల్లలెవరూ ఆయన వైపు చూసిన పాపాన పోలేదు.

కర్ణపక్షం
ఇక్కడందరూ మగాళ్లే రాస్తున్నారు కాబట్టి నేను దిగుతున్నా. చోప్రా మహాభారతం, కర్ణుడు, పంకజ్ ధీర్. చర్చ లేదు. 1988 అక్టోబర్ నుంచి 90 జూన్ దాకా మా ఇంట్లో ఆదివారం పొద్దున తలంటు కూడా ఆయన కోసమే తొందరగా అయ్యేది. కవచం ఇచ్చేసే సీన్ చూసి ఏడ్చి అన్నం తినలేదు. మా క్లాసులో సగం మంది అర్జునుడి పార్టీ, సగం కృష్ణుడి పార్టీ, నేనొక్కదాన్నే కర్ణుడు. మా బెంచీలో ఉండే అమ్మాయితో ఈ విషయం మీద మాటలు కూడా మానేశా, తనేమో ద్రౌపదిని అంత మాటన్నవాడు నీకు హీరో ఎలా అవుతాడే అనేది. ఇప్పుడాలోచిస్తే పాయింటే అనుకోండి. కానీ ఆ కళ్లు చూశారా మీరు?

2025 అక్టోబర్‌లో ఆయన పోయారని తెలిసిన రోజు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. ఎక్కడో వేరే దేశంలో ఉంటుంది, చాలా ఏళ్లుగా పలకరింపుల్లేవు. "మీ ఆయన పోయాడటే" అంది ఫోన్ ఎత్తగానే. మా వారు పక్కనే ఉన్నారు, స్పీకర్ ఆన్‌లో ఉంది.

నల్గొండ_నవ్వులు
స్పీకర్ ఆన్‌ల 😂😂 సార్ పరిస్థితి ఏంది తర్వాత

కర్ణపక్షం
ఏముంది, కాఫీ తాగుతూ నేనింకా ఉన్నానే అన్నారు.

ఎయిటీస్_రౌడీ
అందరూ తెగ రాస్తున్నారు గానీ నాదో డౌటు. ఇదంతా క్రష్షా అసలు? ఉన్నది ఒకటే ఛానెల్. ఎవణ్ణి చూపిస్తే వాణ్ణే చూడాలి. ఇష్టపడటానికి ఇంకో ఆప్షన్ ఉంటే కదా. పెళ్లిచూపులకి ఒకే సంబంధం తెచ్చి నచ్చిందా అని అడిగినట్టుంది. నచ్చక చస్తామా.

రేడియో_రాంబాబు
మరి ఆ ఒకటే ఛానెల్‌లో వ్యవసాయ కార్యక్రమం కూడా వచ్చేది కదా రౌడీ గారూ, పురుగుమందు ఎంత కొట్టాలో చెప్పే ఆఫీసర్ మీద ఎవరైనా మనసు పడ్డారా? లేదు కదా. అంటే సెలెక్షన్ ఉన్నట్టే.

ఉడాన్_పిల్ల
రౌడీ గారు చెప్పింది సగం నిజం. ఒకటే ఛానెల్ కాబట్టి అందరం ఒకళ్లనే చూశాం, కానీ ఒక్కొక్కరం ఒక్కోటి చూశాం. నాకు పది పన్నెండేళ్లప్పుడు ఉడాన్ వచ్చేది, 1989లో. కవితా చౌదరి, ఐపీఎస్ కల్యాణి. అది క్రష్ కాదు పూనకం. ఆవిడ జుట్టు లాగా జుట్టు, ఆవిడ లాగా గడ్డం పైకెత్తి మాట్లాడటం, మా తమ్ముణ్ణి నిలబెట్టి సెల్యూట్ కొట్టించుకోవడం. నిన్నటిదాకా సర్ఫ్ యాడ్‌లో లలితాజీగా బేరాలాడిన ఆవిడే ఈవిడ అని మా అమ్మ చెప్తే మూడ్రోజులు నమ్మలేదు. తర్వాత తెలిసింది, అది ఆవిడ సొంత అక్క కథేనట, కాంచన్ చౌదరి భట్టాచార్య. ఆ అక్కే 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు, దేశంలో మొదటి మహిళా డీజీపీ. సీరియల్ రాసింది, తీసింది, చేసింది అన్నీ కవిత గారే. 2024 ఫిబ్రవరిలో ఆవిడా వెళ్లిపోయారు.

అమ్మాయి మీద అమ్మాయికి ఇలా ఉండటాన్ని ఏమంటారో అప్పుడు తెలీదు ఇప్పుడూ తెలీదు. ఆవిడ కావాలనిపించేది కాదు, ఆవిడ అయిపోవాలనిపించేది. పోలీసునైతే కాలేదు గానీ బ్యాంకులో కౌంటర్ దగ్గర ఎవరైనా గొంతు పెంచితే నా గడ్డం దానంతటదే పైకి లేస్తుంది.

సాలిడేర్_సుబ్బులు
మా బ్రాంచిలో మేడమ్ మీరేనా ఏంటి. ఆవిడకీ గడ్డం పైకే ఉంటుంది.

గోదారి_గట్టు
కర్ణుడు సరే, అసలాయన సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. కృష్ణుడు, నితీశ్ భరద్వాజ్! ఆ చిరునవ్వు! నాకు ఎనిమిదో క్లాసు. మా నాయనమ్మకీ నాకూ రోజూ గొడవే. "ఎవడే వీడు, ఎన్టీవోడు ఏడీ" అనేది. కృష్ణుడంటే రామారావే ఆవిడకి, వీడు పీలగా ఉన్నాడు, వీడికి కిరీటం నిలబడదు అని వంకలు. నేను మాత్రం పూజ గదిలో దీపం పెట్టే డ్యూటీ అడిగి మరీ తీసుకున్నా. మనవరాలికి భక్తి పెరిగిందని ఇంట్లో అందరికీ చెప్పుకునేది పాపం.

యాంటెన్నా_బాబాయ్
మీ నాయనమ్మ గారితో నేను ఏకీభవిస్తున్నా. రామారావు నెమలి పింఛం పెట్టుకుని కొద్దిగా తల వాల్చి నవ్వితే, ఆ తర్వాత ఎవరు పెట్టుకున్నా అరువు పింఛమే.

గోదారి_గట్టు
బాబాయ్ మీరు డాబా మీదున్నారు, మీకు ఓటు లేదు.

రేడియో_రాంబాబు
ఆయన అసలు చదివింది పశువుల డాక్టరీ అని తెలుసా? గోపాలుడికి సరిగ్గా సరిపోయింది.

కర్ణపక్షం
కృష్ణుళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. సాగర్ వాళ్ల శ్రీకృష్ణలో చేసిన సర్వదమన్ బెనర్జీ మనకి కొత్తేం కాదు. 1986లో విశ్వనాథ్ గారి సిరివెన్నెలలో చూపు లేని ఫ్లూట్ కళాకారుడు ఆయనే. సీరియల్ మొదలైనప్పుడు మా అమ్మ గుర్తుపట్టి "అరే, ఈ అబ్బాయికి కళ్లొచ్చాయి" అంది.

నల్గొండ_నవ్వులు
మీ అమ్మగారికి దండం

ఈసీటీవీ_షట్టర్
థ్రెడ్ పెట్టి పొద్దున ఆఫీసుకెళ్లి వచ్చేసరికి ఇంత జరిగిందా. రౌడీ గారి ఒకటే ఛానెల్ మాట మీద నేనొకటి చెప్తా. ఒకటే ఛానెల్ వల్ల అసలు కష్టం ఏంటంటే మా వీధిలో మగపిల్లలందరికీ ఒకటే క్రష్. ఎవడికి వాడు తనొక్కడిదే అనుకునేవాడు. క్రికెట్ ఆడేటప్పుడు ఒకడు నోరు జారి ఆ గులాబీ ఆవిడ బాగుంటుంది రా అన్నాడు. పిచ్ మొత్తం సైలెంట్. ఎవడి మొహం వాడు పక్కకి తిప్పుకున్నాడు. బౌలర్ కూడా.

తేనెటీగ
ఇది చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచి ఆలోచిస్తున్నా. రామాయణం సీత. దీపికా చిఖ్‌లియా. అప్పుడు నాకు పదకొండో పన్నెండో. ఆదివారం పొద్దున టీవీకి బొట్టు పెట్టి పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టే ఇల్లు మాది, చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చేవాళ్లు చుట్టుపక్కల వాళ్లు. అందరూ చేతులు జోడించి సీతమ్మ తల్లీ అంటుంటే నేనూ జోడించేవాణ్ణి గానీ లోపల వేరే పాట మోగుతుండేది. పాపం తగుల్తుందని భయం. కళ్లు పోతాయని ఎవరో చెప్పారు కూడా. ఆ భయానికి శనివారాలు హనుమంతుడి గుళ్లో ప్రదక్షిణాలు మొదలుపెట్టా. అక్కడికెళ్తే దారాసింగే గుర్తొచ్చేవాడు, ఈయనకి గానీ విషయం తెలిస్తే గద ఒక్క దెబ్బ చాలు అని ఇంకా భయం. చివరికి ఒక దారి కనిపెట్టా. నన్ను నేను లక్ష్మణుడనుకుని పాదాల వంకే చూడటం మొదలుపెట్టా. నిజం. కొన్ని ఎపిసోడ్లు అలా చూశా. కెమెరా వాళ్లు పాదాలు ఎక్కువ చూపించేవాళ్లు కాదు.

సాలిడేర్_సుబ్బులు
పాదాల వంక చూడటం ఏంటి బాబూ 😭 ఈ థ్రెడ్‌లో బెస్ట్ పోస్ట్ ఇదే

ఎయిటీస్_రౌడీ
1991లో మీ సీతమ్మ దీపిక గారు బరోడా నుంచి ఎంపీ అయ్యారు. రావణుడు అరవింద్ త్రివేది కూడా అదే ఎన్నికల్లో సబర్‌కాంఠా నుంచి గెలిచాడు. ఇద్దరూ ఒకే పార్టీ. వాల్మీకి గారు ఊహించి ఉండరు.

మోడరేటర్_మామ
పార్టీల జోలికి వెళ్లకండి, ఇక్కడితో ఆపేయండి. రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ గారు 2024లో మీరట్ నుంచి గెలిచిన సంగతి కూడా ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి నేనే రాసేశా. ఇంక చాలు.

తేనెటీగ
2020 లాక్‌డౌన్‌లో మార్చి చివర్లో మళ్లీ వేశారు కదా, ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. మా పిల్లలేమో బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఆగిపోయి ఆలోచించుకోవడం చూసి దొర్లి దొర్లి నవ్వుతున్నారు. నేను మాత్రం సీత రాగానే అలవాటు కొద్దీ తల దించేశా. ఏంటండీ మెడ పట్టిందా అంది మా ఆవిడ.

బ్లాక్_బైక్
ఎవరైనా స్ట్రీట్ హాక్ చూశారా? దూరదర్శన్‌లో హిందీలో వచ్చేది. హీరో పేరు జెస్సీ మాక్, చేసింది రెక్స్ స్మిత్. పొద్దున్నే మామూలు పోలీసు, రాత్రి నల్ల సూటు, నల్ల హెల్మెట్, నల్ల బైక్. మా అక్క పిచ్చిలో పడిపోయింది. అక్క హెల్మెట్ తీసినప్పుడల్లా చూసేది, నేను హెల్మెట్ పెట్టుకున్నాకే చూసేవాణ్ణి. ఒకే సీరియల్, ఇద్దరం చెరో సగం.

రేడియో_రాంబాబు
అమెరికాలో అది ఆడలేదు, పదమూడు ఎపిసోడ్లకే ఎత్తేశారు. మనమే దాన్ని నెత్తిన పెట్టుకున్నాం. మా సైకిల్ హ్యాండిల్‌కి ఎర్ర బటన్ ఒకటి అతికించుకుని నొక్కితే టర్బో అనుకునేవాళ్లం.

బ్లాక్_బైక్
నొక్కి నొక్కి మా పక్కింటాయన స్కూటర్‌కి తగిలించా. దాని గురించి వద్దు.

తొంభైల_తమ్ముడు
అంకుల్స్, ఆంటీస్, మేం కూడా రావచ్చా? మాది శక్తిమాన్ బ్యాచ్. గీతా విశ్వాస్. స్కూల్లో అందరూ గుండ్రంగా తిరిగి శక్తిమాన్ అవుదామని చూస్తే నేను ఆయన మారువేషం గంగాధర్ అవుదామని చూసేవాణ్ణి, పెద్ద కళ్లద్దాలు, పళ్లు బయటపెట్టి. గీత ఎప్పుడూ ఆఫీసులో గంగాధర్ పక్కనే ఉండేది కదా. శక్తిమాన్‌కి ఫైటింగులే సరిపోయేవి.

కర్ణపక్షం
వీడు తెలివైనవాడు.

ఉడాన్_పిల్ల
తమ్ముడూ ఆ శక్తిమానే మా భీష్ముడు, ముకేశ్ ఖన్నా. పెళ్లి చేసుకోనని ప్రతిజ్ఞ చేసిన ఆయన నీకు ఆఫీసులో పోటీ ఏంటి.

తొంభైల_తమ్ముడు
అబ్బా ఈ కోణం నేనెప్పుడూ ఆలోచించలేదక్కా 😂

చంద్రకాంత_ఫ్యాన్
తొంభైలు అంటే చంద్రకాంత కూడా చెప్పుకోవాలి. శిఖా స్వరూప్ ఒకవైపు, క్రూర్ సింగ్ "యక్కూ" ఒకవైపు. మా చెల్లికి హీరో షాబాజ్ ఖాన్ నచ్చలేదు, బద్రీనాథ్ అని ఒకతను ఉండేవాడు, అతనే నచ్చాడు. పొడుగ్గా, పెద్ద పెద్ద కళ్లు. అదేం టేస్టే అని ఇల్లంతా ఏడిపించాం. ఆ బద్రీనాథ్ ఇర్ఫాన్ ఖాన్. అది ఇప్పటికీ ప్రతి పండక్కీ దెప్పుతుంది మమ్మల్ని, టాలెంట్ నేనే ముందు కనిపెట్టా అని.

సాలిడేర్_సుబ్బులు
మీ చెల్లిని ఏదైనా సినిమా కంపెనీలో పెట్టాల్సింది.

నాకు ఫౌజీలో అభిమన్యు రాయ్. అందరూ ఇప్పుడు షారుఖ్ అంటే ఎగబడతారు గానీ 1989లో ఆ జుట్టు మొహం మీద పడే కుర్రాణ్ణి ముందు చూసింది మేం. అప్పట్లో మా ఇంట్లో అన్న మాట ఏంటంటే "ఈ ముక్కుతో హీరో ఎలా అవుతాడే". అప్పటికి వాళ్ల లెక్క వాళ్లది, శోభన్‌బాబుని చూసిన కళ్లవి.

గోదారి_గట్టు
తెలుగు వాళ్లు ఎవరూ లేరా మన లిస్టులో? ఎవరూ చెప్పట్లేదు. తెలుగు వార్తలు చదివే శాంతి స్వరూప్ గారి మీద మా పెద్దమ్మకి ఎంత గౌరవమంటే, ఆయన ఏడింటికి నమస్కారం పెట్టగానే ఈవిడ కొంగు సర్దుకుని తిరిగి నమస్కారం పెట్టేది. ఆయన మనల్ని చూస్తాడు అని గట్టి నమ్మకం. నైటీలో ఉంటే వార్తల టైముకి చీర మార్చుకునేది.

నల్గొండ_నవ్వులు
1983 నవంబర్ 14 నాడు మొదలు వెట్టిండు గద ఆయన తెలుగు వార్తలు చదువుడు. టెలిప్రాంప్టర్ గీంప్టర్ ఏం లెవ్వు, కాయితం చూస్కుంట మల్ల మన దిక్కు చూస్కుంట చదవాలె. గంతసేపు మన కండ్లల్లకు చూసి మాట్లాడినోడు ఇంకెవడున్నడు అప్పట్ల. 2024ల పోయిండు. పెద్దమ్మది క్రష్షే, గౌరవం అని పేరు మార్చింది.

గోదారి_గట్టు
ఆవిడ బతికి లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నీకు చీపురు తిరగేసేది.

ఈటీవీ_పాప
ఈటీవీ వచ్చాక మాకు అన్వేషితలో అచ్యుత్. అంతకు మించి ఎవరూ లేరు. ఇంటి పక్కన అన్నయ్యలా ఉండేవాడు, అదే ఆయన ప్లస్సు. 2002 డిసెంబర్‌లో పోయినప్పుడు చాలా చిన్న వయసు. ఆ రోజు మా హాస్టల్లో మెస్ సగం ఖాళీ.

ఉడాన్_పిల్ల
అచ్యుత్ పేరు చదవగానే ఒక్కసారి గుండె కలుక్కుమంది. మర్చిపోయాననుకున్నా.

రెండువేల_రాణి
నాది మొగలిరేకులు ఆర్కే నాయుడు. సాగర్. స్కూల్ బస్సులో అమ్మాయిలందరం...

ఎయిటీస్_రౌడీ
ఇది పాత టీవీనా? 2008 అమ్మా అది. నిన్న మొన్నటిది.

రెండువేల_రాణి
అంకుల్ 2008లో నేను నాలుగో క్లాసు. నాకది పాతే. అన్ని ఛానెల్స్ ఉన్నా రిమోట్ మా అమ్మమ్మ చేతిలో ఉండేది, కాబట్టి మాదీ ఒకటే ఛానెల్. మీ లెక్క ప్రకారం మేమూ క్వాలిఫై.

రేడియో_రాంబాబు
రౌడీ క్లీన్ బౌల్డ్.

కర్ణపక్షం
అవును రౌడీ గారూ, పొద్దుట్నుంచీ అందరినీ ఇది క్రష్ కాదు అది పాతది కాదు అని తీర్పులు ఇస్తున్నారు. సీతమ్మ నియోజకవర్గం పేరు కూడా నోటికి చెప్పారు. మీదెవరో చెప్పనే లేదు.

ఎయిటీస్_రౌడీ
నాకెవరూ లేరు. నేను డిటెక్టివ్ సీరియల్ కరంచంద్ చూసేది కేసుల కోసం.

నల్గొండ_నవ్వులు
కేసుల కోసమా, ఆ డిటెక్టివ్ అసిస్టెంట్ కిట్టీ కోసమా 👀

ఎయిటీస్_రౌడీ
సుష్మితా ముఖర్జీ మంచి నటి. అంతకు మించి ఏం లేదు.

సాలిడేర్_సుబ్బులు
నటి పేరు ఫుల్లుగా గుర్తుంది చూశారా

ఎయిటీస్_రౌడీ
ఆయనేమో క్యారెట్ నములుతూ ప్రతిదానికీ ఆ పిల్లని షటప్ కిట్టీ అనేవాడు. ఆ అమ్మాయి అడిగిన దాంట్లో తప్పేముంది అసలు? సగం కేసులు ఆ అమాయకపు ప్రశ్నల వల్లే తేలేవి. ఒక్కరోజు కూడా థాంక్స్ చెప్పలేదు ఆ కోపం నాకిప్పటికీ ఉంది. ఎదురుపడితే అడిగేద్దామనుకున్నా పంకజ్ కపూర్‌ని.

తేనెటీగ
ఇంట్లో క్యారెట్ కూర తింటారా రౌడీ గారూ?

ఎయిటీస్_రౌడీ
తినను.